నేల కింది నేల

రెండేళ్ళ క్రితం ఆగస్టు చివర్లో, నెలరోజుల సెలవు ముగించుకుని ఊరినుంచి సోహార్‌కి తిరిగొచ్చాం. సోహార్ ఎక్కడుందో తెలియనివారి కోసం ఒక ముక్క: ఒమాన్‌లో, మస్కట్‌కి వాయవ్యంగా 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, బాతినా తీరాన ఉంటుంది. దుబాయి నుంచి మస్కట్‌కి కారులో వెళ్ళినవాళ్ళు ఈ ఊరి పక్కనుంచే వెళ్ళుంటారు. సింద్‌బాద్ పుట్టిన ఊరు ఇదేనని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పటి సంగతి చెప్పాలంటే 2000ల్లో కట్టిన ఓడరేవు, దాని వెనకాల అల్యూమినియం, ఉక్కు ఫ్యాక్టరీలు. వాటిలో ఒకదాని సాఫ్ట్‌వేర్ బాగోగులు చూడడం నా ఉద్యోగం.

సరే, తలుపు తీశాం. నెలరోజులు మూసి ఉన్న ఇల్లు, బయట 40 దాటిన ఎండ. లైటు వేసి చూస్తే హాలు మధ్యలో రెండు టైల్స్ ఒకదానికొకటి తలలు ఆనించుకుని చిన్న గుడారంలాగ లేచి ఉన్నాయి. అడుగున పిల్లి దూరేంత సందు లేదు కానీ, చెయ్యి సులభంగా దూరుతుంది. ఎవరైనా వచ్చి తవ్వారేమోనని మా ఆవిడ మొదట బీరువా చూసుకుంది. పెట్టెలు లోపలికి తెచ్చి పది నిమిషాలయిందో లేదో, ఢామ్మని చప్పుడు. పిల్లలు బెడ్‌రూములోకి పరిగెత్తారు. పక్క వరసలో ఇంకో జత లేచింది.

మర్నాడు ఆఫీసులో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. భూకంపమన్నారొకరు. కింద గ్యాసు చేరిందన్నారొకరు. "చవకరకం టైల్స్ అయ్యుంటాయి" అన్న మాటకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. నా ఓటు కూడా దానికే. ఆ ఓటు తప్పని తేలడానికి రెండు రోజులు పట్టింది. అదే తప్పుడు ఓటు నేను అంతకుముందు మా ఊళ్ళో కూడా ఒకసారి వేశానని తెలియడానికి ఇంకో గంట పట్టింది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ గంటే.

తిరగేసి చూస్తే

ఇంటి యజమానికి ఫోన్ చేస్తే ఆయన ఒక చిన్న కాంట్రాక్టరుకి చెప్పాడు. ఆ కాంట్రాక్టరు పంపిన టైల్స్ మేస్త్రీ మనవాడే, రాజోలు వైపు. మాది తణుకు దగ్గరని చెప్పగానే "అయితే మన గోదారోళ్ళేనా అండీ!" అని చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఇరవయ్యేళ్ళకి పైగా గల్ఫులోనే ఉన్నాడట.

లేచిన టైల్స్ వంక ఆయన చూడనే లేదు. తాపీ పిడితో గోడవారనుంచి మొదలుపెట్టి, లేవని టైల్స్ మీద ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ వచ్చాడు. కొన్నిచోట్ల టక్కుమంటోంది, చాలాచోట్ల డొల్లగా మోగుతోంది. హాలంతా తిరిగాక, "సగానికి పైగా గాల్లో ఉన్నాయండీ" అన్నాడు. ఒక టైలుని వేలితో లేపి తిరగేసి నా చేతికిచ్చాడు. దాని వెనకవైపు అప్పుడే కడిగిన కంచంలాగ ఉంది. ఒక్క సిమెంటు మరక లేదు. కింద పలచటి సిమెంటు మాలు, దాని కింద సన్న ఇసక, అక్కడక్కడా తెల్లటి ఉప్పు పొడి.

"మరి టైలు మంచిది కాదా?" అనడిగాను.

"టైలుకేటండీ, లచ్చణంగా ఉంది. దాన్ని పట్టుకునే వాడే లేడు."

అక్కడినుంచి ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి సరిచూసుకున్నది కలిపి చెబుతాను. మొదటిది టైలు సంగతి. మన చిన్నప్పటి సిరామిక్ టైలు నీళ్ళు పీలుస్తుంది. అందుకే దాన్ని నీళ్ళతొట్టిలో నానబెట్టి వేసేవారు. సిమెంటు పాలు దాని రంధ్రాల్లోకి దిగి గట్టిపడేవి. ఇప్పుడు మనం వేయిస్తున్న విట్రిఫైడ్ టైలు బరువులో అరశాతం కన్నా ఎక్కువ నీరు పీల్చదు, దాదాపు గాజు అనుకోండి. దానికి సిమెంటు పాలు అంటవు. పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ కావాలి. మనదేశంలో దానికి ఐఎస్ 15477 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. టైలు మారింది, వేసే పద్ధతి చాలాచోట్ల మారలేదు.

రెండోది కాంక్రీటు. పోసిన కాంక్రీటు ఎండేకొద్దీ కుదించుకుపోతుంది. మీటరుకి అర మిల్లీమీటరు చొప్పున వేసుకున్నా మా 8 మీటర్ల హాలుకి 4 మిల్లీమీటర్లు. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు, నెలలు పడుతుంది. ఈలోగా పైన టైల్స్ అతికిస్తే కింది నేల తగ్గుతుంది, పై నేల తగ్గదు. మూడోది వేడి. ఇల్లు మూసేసి ఏసీ ఆపేస్తే 24 డిగ్రీల హాలు 42కి చేరుతుంది. ఆ 18 డిగ్రీలకి 8 మీటర్ల టైల్స్ వరస సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. అడుగున మట్టికి ఆనుకున్న కాంక్రీటు అంత తొందరగా వేడెక్కదు. పక్కన గోడలు జరగవు. మా హాల్లో టైల్స్‌ని గోడకి తాకించి, ఒకదానికొకటి ఆనించి, సందన్నది లేకుండా వేశారు. సాగినది ఎక్కడికి పోవాలి?

ఒక్క మిల్లీమీటరుకే ఇంత రభసా అని నాకూ అనుమానం వచ్చింది. కాగితం తీసుకుని పైథాగరస్‌ని పిలిచాను. 60 సెంటీమీటర్ల టైల్స్ రెండు పక్కపక్కన, మొత్తం 1200 మిల్లీమీటర్లు. వాటికి అదనంగా 1 మిల్లీమీటరు పొడవు వచ్చి, రెండు చివర్లూ కదలకపోతే మధ్యలో ఎంత లేవాలి? ఒక్కో టైలు కర్ణం 600.5, భుజం 600. రెండో భుజం లెక్కకడితే 24.5 మిల్లీమీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటరు ఒత్తిడికి అంగుళం ఎత్తు గుడారం! కళ్ళముందున్న గుడారం ఎత్తు కూడా ఇంచుమించు అంతే. టైలు కింద అడ్హెసివ్ గట్టిగా పట్టుకుని ఉంటే ఆ ఒత్తిడిని అదే భరించేది. పట్టుకునేవాడు లేడు కాబట్టి లేచింది.

నాలుగు రోజులు

ఇదంతా విని పెద్దమనిషిలాగ తలాడించి, "మా ఊళ్ళో కూడా ఇలాగే అయిందండీ, ఆ మేస్త్రీ పని చెడగొట్టాడు" అన్నాను.

అది అంతకు మూడేళ్ళ ముందు సంగతి. నాన్నగారి ఇంట్లో హాలుకి పాత గచ్చు, వెనక గదికి మట్టి నేల మీద ఎప్పుడో వేసిన పలచటి సిమెంటు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, గచ్చు పెచ్చులు లేస్తోంది, తుడవడం కష్టంగా ఉంది. సెలవులో వెళ్ళి ఇల్లంతా టైల్స్ వేయించి వద్దామనుకున్నాను. సెలవు 22 రోజులు. అందులో ఒక పెళ్ళి, ఒక తిరుపతి ప్రయాణం. షోరూములో టైలు ఎంచుకోవడానికే రెండు పూటలు పట్టింది. వెనక గదికి కొత్తగా బెడ్ పోశారు, హాల్లో గచ్చు మీదే వేసేశారు. నేను విమానం ఎక్కే ముందు రోజుకి నేల అద్దంలాగ మెరుస్తోంది. ఫోటోలు తీసి అందరికీ పంపించాను.

ఏడాది తిరక్కుండా వెనక గదిలో ఒక వరస లేచింది. నాన్నగారు నాకు చెప్పలేదు. ఆ గదిలోకి వెళ్ళడం తగ్గించారు. ఒక రాత్రి అమ్మ ఆ అంచు తగిలి పడింది. మణికట్టు విరిగి ఆరువారాలు కట్టు. అప్పుడు తెలిసింది నాకు. ఫోన్లో ఆ మేస్త్రీని నానా మాటలూ అన్నాను. స్కర్టింగ్ పని బాకీ ఉందని ఆపిన 18 వేలు ఇవ్వనన్నాను. ఆయన "చిత్తం బాబూ" అని ఫోన్ పెట్టేశాడు.

సోహార్ మేస్త్రీ అంతా విన్నాడు. విని, "బెడ్డు పోసేక ఎన్నాళ్ళకి టైల్సేసేరండీ?" అనడిగాడు.

"నాలుగు రోజులకి."

"ఆయన నాలుగ్రోజులు చాలన్నాడా అండీ?"

అనలేదు. నెల ఆగుదామన్నాడు. "నెల తర్వాత నేనుండను, ఎలాగైనా కానియ్యి" అన్నది నేను. ఆ మాట పైకి చెప్పడానికి కాస్త సమయం పట్టింది. మేస్త్రీ ఏమీ అనలేదు. లేచి, టైల్స్ ముక్కలు బకెట్లోకి ఏరడం మొదలుపెట్టాడు.

తర్వాత వెతికి చూశాను. టైల్స్ పనికి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5385 ఉంది. దాని ప్రకారం తడపడం ఆపేశాక కొత్త కాంక్రీటుని కనీసం ఆరు వారాలు, సిమెంటు ఇసకల స్క్రీడ్‌ని కనీసం మూడు వారాలు ఆరనివ్వాలి. స్క్రీడ్ పూర్తిగా ఆరడానికి మందంలో మిల్లీమీటరుకి ఒక రోజు చొప్పున లెక్క వేసుకోమని ఇంకో పాత సూత్రం. రెండంగుళాల మందమైతే యాభై రోజులు. కాంక్రీటుకి మన హెచ్.ఆర్. డిపార్టుమెంటు ఇచ్చే సెలవులతో పనిలేదు.

బిల్లులో లేని పని

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మన ఇళ్ళలో నేలలు పాడవుతున్నది చాలావరకు టైలు వల్ల కాదు, మేస్త్రీ వల్లా కాదు. టైలు కింద జరగాల్సిన పనికి మనం డబ్బూ ఇవ్వడం లేదు, రోజులూ ఇవ్వడం లేదు.

ఊళ్ళో టైల్స్ పని మాట్లాడుకునే తీరు గుర్తు తెచ్చుకోండి. "చదరపు అడుగుకి ఎంత?" అంతే. వేసిన టైలుకే డబ్బు. పాత నేల చిప్పింగ్ చెయ్యడం, దుమ్ము కడగడం, మట్టం చూడడం, పల్లం నింపడం, తడపడం, ఆరనివ్వడం వీటిలో దేనికీ బిల్లులో వరస లేదు. రోజుకి వంద అడుగులు వేస్తేనే గిట్టుబాటయ్యే మనిషి, ఒక పూటంతా నేల చెక్కుకుంటూ కూర్చుంటే ఆ పూట కూలి ఎవరిస్తారు? నిజాయితీగా పనిచేసినవాడు నష్టపోయే ఏర్పాటు చేసి, ఆ తర్వాత పనివాళ్ళలో నిజాయితీ లేదని మనమే వాపోతాం. సాఫ్ట్‌వేర్‌లో రాసిన లైన్ల లెక్కన జీతమిస్తే ఎలాంటి ప్రోగ్రాములు వస్తాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. టెస్టింగుకి బడ్జెట్ కోసేసిన మేనేజరుని మనం ఎన్నేళ్ళయినా మరిచిపోము. ఇంటి నేల దగ్గరికొచ్చేసరికి ఆ మేనేజరు మనమే.

పాతరోజుల్లో ఇలా ఉండేది కాదని అందామంటే, అంత నమ్మకంగా అనలేను. అప్పుడూ చౌడు పట్టిన గోడలున్నాయి, కుంగిన అరుగులున్నాయి. కానీ ఒక తేడా ఉంది. గచ్చు వేసేటప్పుడు అడుగు తయారీయే పనిలో పెద్ద భాగం. బేస్‌మట్టం దాకా మట్టీ ఇసకా నింపి, నీళ్ళు పట్టించి, దిమ్మిసతో రోజుల తరబడి కొట్టేవారు. ఆ మీద కంకర, ఆ మీద గానుగ సున్నం. దిమ్మిస చప్పుడు వీధంతా వినపడేది. అది వినపడకుండా గచ్చు వేస్తే ఎవరైనా అడిగేవారు. ఇప్పుడు అడుగు తయారీ చప్పుడు లేకుండా ఎగిరిపోతుంది. టైలు పరిచేశాక అది జరిగిందో లేదో ఇంటివాడికి తెలిసే మార్గం లేదు.

"ఇంత చాదస్తం అక్కర్లేదు, మా అపార్ట్‌మెంటులో పదిహేనేళ్ళయింది, ఒక్క టైలూ లేవలేదు" అని మీరనొచ్చు. నిజమే, లేవనివి చాలానే ఉన్నాయి. అప్పటి టైలు చిన్నది, నీళ్ళు పీల్చేది, మధ్యలో సందులు వెడల్పు, గదులు చిన్నవి. ఆ సందులే చిన్న చిన్న కదలికల్ని మింగేసేవి. ఇప్పుడు మనకి కావలసింది రెండడుగులు, నాలుగడుగుల పెద్ద పలకలు, మధ్యలో గీత కనపడకూడదు, హాలూ భోజనాల గదీ కలిసిపోయి ఒకటే మైదానంలాగ ఉండాలి, పగలంతా ఎండ రావాలి, రాత్రంతా ఏసీ నడవాలి. అంటే తప్పుని క్షమించే గుణమున్న నేలని తీసేసి, క్షమించని నేలని కోరుకుంటున్నాం. కోరుకోవడం తప్పు కాదు. దానికి తగ్గ అడుగు కూడా కోరుకోవాలి.

సోహార్‌లో ఏడు వారాలు

లేచిన నాలుగు టైల్స్ మార్చి అతికించేస్తే సరిపోతుందని కాంట్రాక్టరు అన్నాడు. యజమాని మంచివాడు. "హాలంతా తీసి వేస్తే ఖర్చు నాది, ఇబ్బంది మీది, ఓర్చుకుంటారా?" అన్నాడు. ఓర్చుకుంటామన్నాను. ఒక షరతు పెట్టాను. బిల్లులో అడుగు తయారీకి వేరే వరస ఉండాలి, అది పూర్తయి నేను చూశాకే టైలు దిగాలి. కాంట్రాక్టరు వింతగా చూశాడు కానీ వరస రాశాడు. ఆ వరస వల్ల మేస్త్రీకి తొందర లేకుండా పోయింది. ఆయన పనితీరు ఎలాంటిదో అప్పుడు చూశాను.

మొదటివారం అంతా తీయడమే. టైల్స్, మాలు, ఇసక తీసి అసలు కాంక్రీటు కనపడేదాకా వెళ్ళారు. కాంక్రీటుకి గాట్లు పెట్టి, దుమ్ము ఊడ్చి, కడిగారు. ట్యూబ్‌లో నీళ్ళు పోసి గది నాలుగు మూలలా మట్టం గీతలు పెడితే, స్నానాల గది వైపు మూల 22 మిల్లీమీటర్లు పల్లంగా తేలింది. ఇన్నాళ్ళూ దాన్ని ఇసకతో నింపి మభ్యపెట్టారన్నమాట.

తర్వాత మేస్త్రీ ఒకటిన్నర అడుగుల పాలిథీన్ ముక్కలు నాలుగు కోసి, నేలమీద నాలుగుచోట్ల పరిచి, అంచులు టేపుతో మూసి, "రేపు చూద్దారండి" అని వెళ్ళిపోయాడు. మర్నాడు మూడు ముక్కల కింద ఏమీ లేదు. స్నానాల గది వైపు ముక్క లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు. గోడ తవ్వితే పైపు అతుకు దగ్గర ఊట. బాతినా తీరంలో తోటలకి నీళ్ళు తోడేకొద్దీ సముద్రపు ఉప్పు భూగర్భజలాల్లోకి ఎక్కిందన్నది ఇక్కడ అందరికీ తెలిసిన బాధ. ఉప్పు పొడి చూసి నేనూ అదే అనుకున్నాను. మా ఇంట్లో మాత్రం నేరం ఒక రబ్బరు వాషరుది. తడి ఎక్కడినుంచి వచ్చినా పని ఒకటే, దార్లో ఉన్న ఉప్పుని పట్టుకుని పైకి రావడం. ఆ పాలిథీన్ ముక్కల ఖర్చు ఎంతో చెప్పుకుంటే నవ్వుతారు.

రెండోవారం స్క్రీడ్ పోశారు. కడిగిన దొడ్డు ఇసక నాలుగు పాళ్ళు, సిమెంటు ఒక పాలు, గుప్పిట పిసికితే ముద్ద నిలవాలి కానీ నీరు కారకూడదు. వారం రోజులు పాలిథీన్ కప్పి తడి ఆరకుండా ఉంచారు. ఇక ఆ తర్వాత మూడు వారాలు ఎవరూ ఏమీ చెయ్యలేదు. మొత్తం పనిలో కష్టమైన భాగం అదే. బెడ్‌రూములో అన్నాలు తిన్నాం. వచ్చిన చుట్టాలకి సిమెంటు నేల చూపించాం. "అయిపోయినట్టేగా, వేసెయ్యచ్చుగా" అని మా ఆవిడే కాదు, నేనూ రెండుసార్లు అన్నాను. మూడేళ్ళ క్రితం నాకున్న తొందరే అది. ఈసారి విమానం టికెట్టు లేదంతే.

ఆరాక 3 మీటర్ల అల్యూమినియం బద్ద నేలమీద అన్నివైపులా తిప్పి చూశారు. పెద్ద టైల్స్‌కి అమెరికా వాళ్ళ నియమం కూడా ఇదే: పదడుగుల పొడవులో ఎనిమిదో వంతు అంగుళం, అంటే 3 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎగుడుదిగుడు ఉండకూడదు. రెండుచోట్ల ఉంది. అక్కడ అరగదీశారు. ఆ తర్వాత టైలు వెయ్యడం ఐదు రోజుల పని. పళ్ళ తాపీతో అడ్హెసివ్‌ని ఒకే దిశలో గీసి, టైలు వెనక కూడా పలచగా పూసి, వేసి తట్టారు. పది టైల్స్‌కి ఒకటి లేపి, వెనక ఎంత అంటిందో చూశారు. గదుల్లో కనీసం 80 శాతం, తడి చోట్ల 95 శాతం అంటాలని అమెరికా నియమం. ముద్దలు ముద్దలుగా ఐదుచోట్ల పెట్టి నొక్కితే ఇంత రాదు. అవి మధ్యలో డొల్ల.

టైలుకీ టైలుకీ మధ్య 3 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టారు. గోడవార 8 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, అందులో మాలు పడకుండా చూశారు. స్కర్టింగ్ వచ్చాక అది కనపడదు. హాలు పొడవు 8 మీటర్లు కాబట్టి మధ్యలో ఒక వరసలో గట్టి గ్రౌటుకి బదులు సాగే సీలెంట్ నింపారు. లోపలి గదుల్లో 20 నుంచి 25 అడుగులకి ఒకటి, ఎండ నేరుగా పడేచోట 8 నుంచి 12 అడుగులకి ఒకటి ఇలాంటి కదలిక సందు ఉండాలన్నది కూడా ఆ నియమాల్లోనిదే. ఆ ఒక్క గీత కాస్త భిన్నంగా ఉంటుంది. ఎందుకలా ఉందని వచ్చినవాళ్ళు అడుగుతారు. చెబుతాను, మీకు చెప్పినంత పొడుగ్గానే.

టైలు కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు రాయిలాగ గట్టిపడిపోతాయి. మేస్త్రీ దగ్గర నీళ్ళు చిమ్మే కట్టర్ ఉంది, వాడేవాడు. ఊళ్ళో మన పని జరిగినప్పుడు కుర్రాళ్ళు పొడి కట్టర్‌తో, మూతికి రుమాలు కట్టుకుని కోశారు. ఆ దుమ్ము అమ్మ చీరలమీద పడుతోందని కోప్పడ్డాను. వాళ్ళ ఊపిరితిత్తుల సంగతి నాకు తట్టలేదు.

అమెరికాలో ఉన్నవారికి

మీకు కింద కాంక్రీటు బదులు చాలావరకు చెక్క దూలాలూ ప్లైవుడ్డూ ఉంటాయి కాబట్టి తడికన్నా వంగడం పెద్ద సమస్య. సిరామిక్ టైలుకి దూలం పొడవులో 360వ వంతు కన్నా ఎక్కువ వంగకూడదు. పదిహేనడుగుల దూలమైతే అరంగుళం. పాలరాయి, గ్రానైట్ లాంటి సహజ రాయి వేస్తే ఆ వంగుడు అందులో సగమే ఉండాలి. మనవాళ్ళకి పూజగదిలో పాలరాయి అంటే ప్రాణం. వేసే ముందు కిందికి వెళ్ళి దూలాలు చూడండి. ప్లైవుడ్ మీద నేరుగా అతికించకుండా సిమెంట్ బోర్డో, అన్‌కప్లింగ్ పొరో వెయ్యండి. ఒక హెచ్చరిక: 1980లకు ముందు కట్టిన ఇంట్లో పాత వినైల్ టైల్స్, వాటి కింద నల్ల జిగురు కనిపిస్తే, పరీక్ష చేయించకుండా గీకకండి, అరగదీయకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ.

ఊళ్ళో ఇల్లు కట్టించేవారికి

మనలో ఎక్కువమందిమి ఇంటి నేలని ఫోన్లో వేయిస్తాం. నాన్నగారో మావగారో దగ్గరుంటారు, మనం వీడియోలో రంగు చూసి సరేనంటాం. అలాంటివారికి నా మనవి నాలుగే.

అడుగు తయారీకి చదరపు అడుగు లెక్క వద్దు. దానికి విడిగా, వీలైతే రోజుకూలీ లెక్కన మాట్లాడండి. మొత్తం ఖర్చులో అది పెద్ద భాగమేమీ కాదు. తేడా రెండు రంగుల మధ్య మీరు షోరూములో ఒప్పుకున్న తేడాకన్నా తక్కువే ఉంటుంది.

టైలు దిగకముందు ఖాళీ నేల ఫోటోలు అడగండి. మట్టం బద్ద నేలమీద పెట్టి, దాని కింద సందు కనపడేలా తీయమనండి. మెరిసే నేల ఫోటో ఎవరైనా పంపిస్తారు.

పాలిథీన్ ముక్క పరీక్ష చేయించండి. నాన్నగారికి చెబితే ఆయనే చేస్తారు, సరదా పడతారు కూడా.

ఇక నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యం. మీ సెలవుని పని ముగిసే తేదీగా పెట్టకండి. ఒక సెలవులో బెడ్ పోయించి వచ్చెయ్యండి, టైల్స్ మీరు లేనప్పుడు పడనివ్వండి. గృహప్రవేశం సిమెంటు నేలమీద చేసుకున్నా దేవుడేమీ అనుకోడు. మెరిసే నేలమీద మనం నిలబడి ఫోటో దిగాలన్న కోరికే ఆ నేలకి మొదటి పగులు. ఆ ఇంట్లో నడిచేది అమ్మా నాన్నా, ఏడాదికి 340 రోజులు.

సోహార్ హాలు అయిపోయిన రోజు సాయంత్రం ఊళ్ళో మేస్త్రీకి ఫోన్ చేశాను. తప్పు నాదని, ఆ నాలుగు రోజుల సంగతి గుర్తుందని చెప్పి, 18 వేలూ నాన్నగారి చేత ఇప్పించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మ చెయ్యి ఎలా ఉందని అడిగాడు. వెనక గది మళ్ళీ వేస్తాననీ, బెడ్డుకి రోజుకూలీ ఇస్తే చాలనీ అన్నాడు.

"సంక్రాంతికి నేనొస్తాను, అప్పుడు మొదలుపెడదామా?" అన్నాను.

"వద్దు బాబూ, ఈసారి మీరు రాకండి. మేస్టారూ నేనూ చూసుకుంటాం" అన్నాడు.

జనవరిలో బెడ్ పోశారు. మార్చిలో టైల్స్ వేశారు. ఈ మధ్యన నాన్నగారు ఫోన్లో ఆ గది నేలమీద చేతికర్రతో తట్టి వినిపించారు. టక్కుమంది.